మక్క ఆకు అంచులు మాడితే అమ్మోనియా పట్టినట్టేనా? మొక్క లోపల పుట్టే అమ్మోనియా ఎటు పోతుంది?

నర్సంపేట_మక్క
యాసంగి మక్కకు యూరియా నీళ్లలో కలిపి కొట్టించాం. రెండు మూడు రోజుల్లోనే ఆకు కొసలు, అంచులు ముందు తెల్లబడి, తర్వాత గోధుమ రంగుకు తిరిగి మాడిపోయాయి. మొవ్వు మాత్రం బాగానే ఉంది. ఎరువుల దుకాణాయన ఫోటో చూసి "అమ్మోనియా పట్టింది" అని ఇంకో మందు సీసా తీశాడు. నేను డిగ్రీలో బాటనీ చదివినవాణ్ణి. మొక్క తన ఆకులో తనే అమ్మోనియా పుట్టిస్తుందని చదివిన గుర్తు. సొంత అమ్మోనియాతో మాడని ఆకు మనం పోసిన యూరియాతో ఎందుకు మాడింది? మొక్కకు కిడ్నీ లేదు, మూత్రం లేదు. మరి ఆ అమ్మోనియా అంతా ఎటు పోతుంది? "అధికారిని అడుగు" అని మాత్రం రాయకండి, అడిగాకే ఇక్కడికి వచ్చాను.

మిర్చి_ఘాటు
ఆ సీసా ఎంత? ముందు ఆ సంగతి చెప్పు.

నర్సంపేట_మక్క
కొనలేదు అన్నా. కొని ఉంటే ఇక్కడ కాదు, ఇంట్లో సమాధానం చెప్పుకుంటూ ఉండేవాణ్ణి.

ఎరువుల_కొట్టు
మేమూ దుకాణం నడుపుతున్నాం కాబట్టి చెబుతున్నా. సీజన్‌లో రైతు గల్లా ముందు నిలబడి అడిగితే ఎంజైముల పేర్లు చెబుతూ కూర్చోలేం. యూరియా విరిగితే అమ్మోనియా అవుతుంది, దాని ఘాటుకు ఆకు మాడుతుంది. ఇందులో తప్పేముంది?

మాజీ_ఏఈవో
పంపుకు ఎంత వేశారు? ఏ టైంలో కొట్టారు? ఈ రెండూ తెలియకుండా ఎవరేం చెప్పినా జాతకమే.

నర్సంపేట_మక్క
20 లీటర్ల పంపు. కొట్టడానికి వచ్చిన మనిషి తన డబ్బాతో కొలిచి వేశాడు. తర్వాత అదే డబ్బా నింపి తూస్తే కిలోకు కొంచెం తక్కువ వచ్చింది. కొట్టింది పదకొండు దాటాక, ఎండలో.

మాజీ_ఏఈవో
దొరికింది. రెండు శాతం అంటే లీటరుకు 20 గ్రాములు, 20 లీటర్ల పంపుకు 400 గ్రాములు. మీ మనిషి వేసింది దాదాపు ఐదు శాతం. పైగా ఎండకు నీరు ఆవిరైపోతుంటే ఆకు మీద మిగిలిన చుక్క ఇంకా చిక్కబడుతుంది. ద్రావణం కొసల్లో, అంచుల్లో ఎక్కువ సేపు నిలుస్తుంది కాబట్టి అవే ముందు పోతాయి. మొవ్వు బాగుంటే టెన్షన్ వద్దు, కొత్త ఆకులు మామూలుగానే వస్తాయి. ఆ సీసా అక్కర్లేదు. ఇకముందు పొద్దున్నే గానీ సాయంత్రం గానీ కొట్టించండి. నా వరకు కేసు క్లోజ్.

సందేహాల_పుట్ట
క్లోజ్ ఎక్కడ అయింది సార్? ఆయన అడిగింది డోసు గురించి కాదు. ఐదు శాతం యూరియాలో మాడ్చింది యూరియానా, అమ్మోనియానా? మొక్క సొంతంగా పుట్టించే అమ్మోనియా సంగతేంటి?

చాక్‌పీస్_సార్
ఈ పుట్ట వేసే ప్రశ్నలు మా క్లాసులో ఎవరూ వేయరు. కొంచెం పొడుగ్గా చెబుతాను.

మొక్కలోకి అమ్మోనియా ఒక్క దారిన రాదు. వేరు పీల్చిన నైట్రేట్ ముందు నైట్రైట్‌గా, తర్వాత అమ్మోనియంగా, అంటే అమ్మోనియా అయాన్ రూపంలోకి, మారుతుంది. వరి లాంటివి నేల నుంచి నేరుగా అమ్మోనియమే తీసుకుంటాయి. పప్పుజాతి పంటల వేరు బుడిపెల్లో బ్యాక్టీరియా గాలిలోని నైట్రోజన్‌ను అమ్మోనియా చేసి ఇస్తుంది. ఇదంతా బయటి నుంచి వచ్చేది. లోపల పుట్టేది వేరే ఉంది. ముదురాకులో ప్రోటీన్లు విరిగినప్పుడు పుడుతుంది. మొలకెత్తే గింజలో నిల్వ ప్రోటీన్ కరిగినప్పుడు పుడుతుంది. కాండానికి గట్టిదనం ఇచ్చే లిగ్నిన్ తయారీలో ఫినైల్ అలనిన్ నుంచి కూడా ఊడుతుంది.

వీటన్నిటినీ మించింది ఫోటోరెస్పిరేషన్. రూబిస్కో అనే ఎంజైమ్ కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకోవాల్సింది పోయి అప్పుడప్పుడు ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. దాంతో ఒక అక్కరకు రాని ముక్క తయారవుతుంది. దాన్ని మళ్లీ వాడుకలోకి తెచ్చే దారిలో, మైటోకాండ్రియాలో రెండు గ్లైసిన్లు కలిసి ఒక సెరిన్ అవుతాయి. అక్కడ ఒక కార్బన్ డయాక్సైడ్, ఒక అమ్మోనియా బయటపడతాయి. వరి, పత్తి, మిర్చి ఆకుల్లో పగటిపూట ఇలా ఊడే అమ్మోనియా, నైట్రేట్ నుంచి కొత్తగా వచ్చే దానికి పది రెట్ల దాకా ఉండొచ్చు. కాబట్టి ఆకుకు పెద్ద పని కొత్త నైట్రోజన్‌ను తెచ్చుకోవడం కాదు, ఉన్నది ఊడిపోతుంటే మళ్లీ పట్టుకోవడం.

పట్టుకునేది గ్లూటమిన్ సింథటేజ్. పొట్టిగా జీఎస్. అది గ్లూటమేట్‌కు అమ్మోనియాను తగిలించి గ్లూటమిన్ చేస్తుంది, ఒక ఏటీపీ, అంటే కణం వాడే శక్తి అణువు, ఖర్చవుతుంది. ఆ తర్వాత గోగాట్ అనే ఎంజైమ్ గ్లూటమిన్‌లోని ఒక నైట్రోజన్‌ను 2-ఆక్సోగ్లూటరేట్ మీదికి మార్చి రెండు గ్లూటమేట్‌లు ఇస్తుంది. ఒకటి మళ్లీ జీఎస్ దగ్గరికి వెళ్తుంది. రెండోది మిగతా అమైనో ఆమ్లాల తయారీకి.

కిడ్నీ మాట అడిగావు. మనకు నైట్రోజన్ తిండిలో మిగులుతుంది, యూరియా చేసి పారబోస్తాం. మొక్కకు ఎప్పుడూ తక్కువ పడేదే నైట్రోజన్. పారబోసే స్తోమత దానికి లేదు.

మిర్చి_ఘాటు
సార్ పొట్టిగా చెబుతాననలేదు కాబట్టి నేనేమీ అనను.

సందేహాల_పుట్ట
మా ఇంటర్ పుస్తకంలో వేరేగా ఉంది సార్. అమ్మోనియా కీటోగ్లూటరిక్ ఆమ్లంతో (మీరన్న 2-ఆక్సోగ్లూటరేటే) కలిసి నేరుగా గ్లూటమిక్ ఆమ్లం అవుతుందని, దానికి గ్లూటమేట్ డీహైడ్రోజినేజ్ అని ఉంది. జీఎస్, గోగాట్ పేర్లే లేవు. ఏది రాయాలి?

ల్యాబ్‌కోటు
పుస్తకంలో ఉన్నది 1970కి ముందు అందరూ నమ్మిన దారి. గోగాట్‌ను మొదట 1970లో బ్యాక్టీరియాలో కనిపెట్టారు. 1974లో ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్‌లో లీ, మిఫ్లిన్ అనే శాస్త్రవేత్తలు బఠానీ ఆకు క్లోరోప్లాస్ట్‌లలో చూపించారు. అప్పటి నుంచి డీహైడ్రోజినేజ్, అంటే జీడీహెచ్, పక్కకు జరిగింది.

కారణం కూడా చెబుతా, లేకపోతే నమ్మరు. జీడీహెచ్‌కు అమ్మోనియా మీద పట్టు తక్కువ. మిల్లీమోలార్ లెక్కలో పేరుకుంటే గానీ అది సరిగ్గా పని చేయదు. జీఎస్‌కు మైక్రోమోలార్లు, అంటే అందులో వెయ్యో వంతు లెక్క, చాలు. కణంలో అమ్మోనియా అంత ఎత్తుకు పేరుకోకముందే జీఎస్ లాగేసుకుంటుంది. ఇంకో రుజువు: మెథియోనిన్ సల్ఫాక్సిమిన్ అనే పదార్థంతో ఒక్క జీఎస్‌ను ఆపితే చాలు, జీడీహెచ్ చెక్కుచెదరకుండా ఉన్నా ఆకులో అమ్మోనియం కుప్ప పడుతుంది. జీడీహెచ్ అసలు పట్టుకునేదే అయితే ఆ కుప్ప పడకూడదు కదా.

చాక్‌పీస్_సార్
ఒప్పుకుంటా. కానీ జీడీహెచ్ పనికిమాలినది అన్నట్టు పిల్లలకు చెప్పకండి. చీకట్లో, చక్కెరలు అయిపోయినప్పుడు గ్లూటమేట్‌ను విప్పి కార్బన్ అస్థిపంజరాన్ని శ్వాసక్రియకు ఇచ్చేది అదే. జీడీహెచ్ లేని అరబిడాప్సిస్ (ల్యాబుల్లో ప్రయోగాలకు పెంచే చిన్న మొక్క) మొక్కలు ఎక్కువ రోజులు చీకట్లో ఉంచితే మామూలు వాటికంటే ముందే చచ్చిపోతాయి.

ల్యాబ్‌కోటు
అదే చెబుతున్నా సార్. అది అమ్మోనియాను పట్టేది కాదు, ఎక్కువ సార్లు వదిలేది. పుస్తకం బాణం గుర్తును తిరగేసి వేసింది.

చాక్‌పీస్_సార్
తిరగేసి వేసినా బోర్డు పరీక్షలో ఆ బాణానికే మార్కులు. పుట్టా, పుస్తకంలో ఉన్నదే రాయి.

సందేహాల_పుట్ట
నీట్‌కు ఆ బాధ కూడా లేదు సార్. 2024 నుంచి ఖనిజ పోషణ చాప్టరే సిలబస్‌లో లేదు.

మిర్చి_ఘాటు
మొక్కలకు ఆ సర్క్యులర్ అందినట్టు లేదు, ఇంకా చేస్తూనే ఉన్నాయి.

పాత_పెంట
ఇంత చర్చ ఎందుకో నాకు అర్థం కాలేదు. యూరియా విషం, విషం పోస్తే చేను మాడుతుంది. మా తాతలు బండ్ల కొద్దీ పెంట తోలి పండించారు, ఏ ఆకూ మాడలేదు. 2025 వానాకాలంలో యూరియా కోసం చెప్పులు లైన్లో పెట్టి కూర్చున్నారు జనం. ఆ ఖర్మ ఎందుకు?

జమ్మికుంట_వరిమడి
పెంట మంచిదే, కాదనను. కానీ చెప్పుల లైన్లో నేనూ నిలబడ్డాను, ఎందుకు నిలబడ్డానో నాకు తెలుసు. ఎకరాకు సరిపడా పెంట ఇప్పుడు ఏ ఇంట్లో ఉంది? కొట్టంలో బర్రె లేదు, ఎద్దు లేదు.

నా డౌటు వేరే. వరి పొలం సీజనంతా నీళ్లలో ఉంటుంది, ఆ నేలలో ఉండేదంతా అమ్మోనియమే అని శిక్షణలో చెప్పారు. అమ్మోనియం అంత విషమైతే వరి ఎట్లా బతుకుతుంది?

ల్యాబ్‌కోటు
అక్క మంచి ప్రశ్న వేసింది. అమ్మోనియం అన్ని మొక్కలకూ ఒకేలా పడదు. 2001లో బార్లీనీ వరినీ పక్కపక్కన పెట్టి కొలిచారు. నీళ్లలో అమ్మోనియం ఎక్కువైతే బార్లీ వేరు దాన్ని లోపలికి రాకుండా ఆపలేదు. వచ్చినదాంట్లో చాలా భాగాన్ని మళ్లీ బయటికి నెడుతుంది, అది మళ్లీ లోపలికి వస్తుంది. వానకు ఇంట్లోకి నీళ్లొస్తుంటే గడప దగ్గర కూర్చుని బకెట్‌తో తోడి పోస్తూ ఉన్నట్టు. ఆ తోడే పనికే వేరు శ్వాసక్రియ బాగా పెరిగిపోతుంది, పెరుగుదలకు శక్తి మిగలదు. వరి వేరు లోపలికి రానిచ్చేదే తక్కువ, కాబట్టి ఈ తోడుడు పని దానికి ఉండదు. పైగా వచ్చిన అమ్మోనియంను చాలా వరకు వేరులోనే గ్లూటమిన్, ఆస్పరజిన్‌గా మార్చి పైకి పంపుతుంది.

మిర్చి_ఘాటు
బార్లీ కష్టం అర్థమైంది. మా వీధి కూడా లోతట్టే.

ఎరువుల_కొట్టు
పాత_పెంట గారికి ఒక మాట. పెంట అంటే ఏ ఆకూ మాడదన్నారు. పచ్చి కోళ్ల ఎరువు తెచ్చి నారుమడిలో వేసి చూడండి, మీ మాటకు మడే సమాధానం చెబుతుంది.

మిర్చి_ఘాటు
దీనికి సాక్షిని నేనే. మిర్చి నారుకు మాగని కోళ్ల ఎరువు వేసి పైన నెట్ కప్పాం. పొద్దున నెట్ ఎత్తితే కళ్ల నుంచి నీళ్లు. నారు ఆకులు ఉడకబెట్టినట్టు వాలిపోయాయి. ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాల మధ్య కూడా అంత ఘాటు చూడలేదు.

పాత_పెంట
నేను చెప్పింది మాగిన పెంట. కోళ్ల ఫారం సరుకును పెంట అని మా ఊళ్లో అనరు.

చాక్‌పీస్_సార్
ఇద్దరూ చెప్పేది ఒక్క చోటికే వస్తుంది. అది యూరియా నుంచి వచ్చిందా, కోడి నుంచి వచ్చిందా అనేది మొక్క చూడదు. చూడాల్సింది పీహెచ్. తటస్థంగా, అంటే 7 దగ్గర, అమ్మోనియాలో నూటికి ఒక వంతు కూడా గ్యాస్ రూపంలో ఉండదు, మిగతాదంతా అమ్మోనియం అయాన్. 9.25 దగ్గర సగం సగం. గ్యాస్ రూపంలో ఉన్నది కణపొరను దాటడానికి అనుమతి అడగదు. పచ్చి కోళ్ల ఎరువులో పీహెచ్ పైకి పోతుంది, నెట్ కింద గాలి ఆడదు. నారు మీద దెబ్బ పడేది అందుకే. వరి పొలంలో కూడా మధ్యాహ్నం నాచు బాగా ఎదిగిన నీళ్లలో పీహెచ్ 9 దాటుతుంది. ఆ నీళ్ల మీద యూరియా చల్లితే సగం సంపద గాలికి పోయినట్టే.

జమ్మికుంట_వరిమడి
అందుకేనా మడిలో నీళ్లు తీసేసి బురద మీద చల్లి, ఒకట్రెండు రోజులు ఆగి నీళ్లు పెట్టమంటారు?

మాజీ_ఏఈవో
అందుకే అమ్మా. ఎన్ని మీటింగుల్లో చెప్పినా ఎందుకో చెప్పలేదని ఇప్పుడు అర్థమవుతోంది. వేప పూత యూరియా కదా పోదులే అనుకుంటారు చాలామంది. 2015 నుంచి మొత్తం యూరియాకు వేప పూత తప్పనిసరి చేశారు, నిజమే. కానీ ఆ పూత ముఖ్యంగా అమ్మోనియం నైట్రేట్‌గా మారడాన్ని నెమ్మది చేస్తుంది. యూరియా అమ్మోనియా కావడాన్ని ఆపేది కాదు.

ల్యాబ్‌కోటు
ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. దానికి ఎవరూ సూటిగా జవాబు చెప్పలేదు, ఏఈవో సార్ డోసు దగ్గర ఆపేశారు.

ఆకు మీద యూరియా కొడితే మాడటం గురించి 1989లో అమెరికాలోని అయోవాలో బ్రెమ్నర్ బృందం సోయా మీద చూసింది. అప్పటిదాకా అందరూ ఎరువుల_కొట్టు అన్న మాటే అనేవారు. ఆకులోని యూరియేజ్ ఎంజైమ్ యూరియాను విరిచి అమ్మోనియా చేస్తుంది, ఆ అమ్మోనియా మాడుస్తుంది అని. నిజమైతే యూరియేజ్‌ను ఆపితే మాడటం తగ్గాలి. యూరియాతో పాటు యూరియేజ్‌ను ఆపే మందు కలిపి కొట్టారు. ఆకులో అమ్మోనియా తగ్గింది. మాడటం మాత్రం తగ్గలేదు, ఇంకా పెరిగింది. మాడిన కొసల్లో పేరుకున్నది యూరియానే.

అంటే అమ్మోనియాగా మారడం అక్కడ ప్రమాదం కాదు, దాని నుంచి బయటపడే దారి. మారితే జీఎస్ పట్టుకుంటుంది. మారని యూరియా కొసల్లో పేరుకుని చంపుతుంది.

అదే బృందం అదే ఏడాది విత్తనం పక్కన వేసిన యూరియా గురించి కూడా తేల్చింది. అక్కడ జవాబు తిరగబడింది. మట్టిలోని యూరియేజ్ యూరియాను విరిస్తే వచ్చే అమ్మోనియానే మొలకను దెబ్బతీస్తుంది, యూరియేజ్‌ను ఆపితే మొలక బతుకుతుంది. మట్టిలో గింజ పక్కన పేరుకున్న అమ్మోనియాను పట్టుకునే జీఎస్ అక్కడ లేదు కదా.

నర్సంపేట_మక్క
అంటే విత్తేటప్పుడు గింజ పక్కన బస్తా యూరియా పోస్తే అమ్మోనియా దెబ్బ, ఆకు మీద చిక్కగా కొడితే యూరియా దెబ్బ. ఒకే సంచి, రెండు రకాల దెబ్బలు.

ఎరువుల_కొట్టు
ఆగండి. చూసింది సోయాలో. ఈ తమ్ముడిది మక్క. సోయాలో చూసినదాన్ని ఆదిలాబాద్‌లో చెప్పండి, నర్సంపేటలో ఎట్లా నమ్మాలి? పైగా ఐదు శాతం ద్రావణం ఉప్పు నీళ్ల లాంటిదే, అది ఆకులో నీటిని లాగేసి కూడా మాడ్చొచ్చు.

ల్యాబ్‌కోటు
న్యాయమైన అభ్యంతరం. మక్కలో అదే పరీక్ష చేసినట్టు నేను చెప్పడం లేదు. ఐదు శాతం దగ్గర నీటిని లాగే దెబ్బ కూడా తోడై ఉంటుంది. అయితే "అమ్మోనియా పట్టింది" అని ఫోటో చూసి తేల్చేయడానికి మాత్రం ఆధారం లేదు. సోయా వైపు ఇంకో రుజువు ఉంది: నికెల్. యూరియేజ్ పని చేయాలంటే దాని లోపల నికెల్ ఉండాలి. 1983లో నికెల్ లేకుండా పెంచిన సోయాలో ఆకు కొసల్లో యూరియా పేరుకుని అక్కడే మాడింది. కొద్దిగా నికెల్ ఇస్తే మాడటం ఆగింది.

సందేహాల_పుట్ట
నికెల్ అంటే పాత రూపాయి బిళ్లలో ఉండేదే కదా!

ల్యాబ్‌కోటు
అదే. మొక్కకు కావాల్సింది చాలా కొద్ది. ఇంకో విశేషం: 1926లో సమ్నర్ యూరియేజ్‌ను స్ఫటికంగా తీశాడు, ఎంజైమ్ అంటే ప్రోటీనే అని అలా రుజువైంది. ఆయన వాడింది జాక్ బీన్, మన తమ్మకాయకు దగ్గరి చుట్టం. దానిలో నికెల్ ఉందని మాత్రం 1975 దాకా ఎవరికీ తెలియలేదు.

ఎరువుల_కొట్టు
నికెల్ సీసా ఎవరైనా తయారు చేస్తున్నారా? అడుగుతున్నా, అంతే.

మాజీ_ఏఈవో
నేలలో నికెల్ మామూలుగా సరిపడా ఉంటుంది. కొరత బయటపడినట్టు ఎక్కువగా చెప్పుకునేది అమెరికాలోని పెకాన్ అనే గింజ చెట్ల తోటల్లో. మీరు ఆ లేబుల్ అతికించిన రోజు నేను మీ షాపుకు వస్తాను.

మిర్చి_ఘాటు
😂 కొట్టు అన్నకు ఉత్సాహం ఎక్కువ.

నర్సంపేట_మక్క
చాక్‌పీస్ సార్, మీరు చెప్పిన ఫోటోరెస్పిరేషన్ మక్కకు వర్తిస్తుందా? మక్క సీ4 కదా.

చాక్‌పీస్_సార్
చాలా తక్కువ. సీ4 మొక్కలైన మక్క, జొన్న, చెరుకు రూబిస్కో దగ్గరికి కార్బన్ డయాక్సైడ్‌ను ఎక్కువగా తోలుకుపోతాయి, కాబట్టి ఆక్సిజన్‌కు అవకాశం తక్కువ. వరి, పత్తి, మిర్చి, పసుపు మాత్రం ఎండ, వేడి పెరిగే కొద్దీ ఈ అమ్మోనియాను ఎక్కువ పుట్టిస్తాయి. నీటి ఎద్దడికి ఆకు రంధ్రాలు మూసుకుంటే ఇంకా ఎక్కువ.

దీనికి రుజువు 1980లో అమెరికాలోని ఇల్లినాయ్‌లో సోమర్‌విల్, ఓగ్రెన్ చూపించారు. గోగాట్ పాడైన అరబిడాప్సిస్ మొక్కలు మామూలు గాలిలో పెట్టగానే కుదేలయ్యాయి. కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ ఉన్న గాలిలో మాత్రం చక్కగా పెరిగాయి. తర్వాత రోథమ్‌స్టెడ్‌లో క్లోరోప్లాస్ట్ జీఎస్ లేని బార్లీ మొక్కల్లోనూ అదే కథ. ఎక్కువ కార్బన్ డయాక్సైడ్‌లో పెంచి మామూలు గాలిలోకి తేగానే ఆకుల్లో అమ్మోనియా పేరుకుంది. వేరు తెచ్చే నైట్రోజన్ మారలేదు, మారింది గాలి ఒక్కటే. ఆకులో అమ్మోనియా ఎక్కువ భాగం ఎక్కడ పుడుతుందో ఇంతకంటే సూటిగా చూపించడం కష్టం.

నర్సంపేట_మక్క
అంటే మక్కకు జీఎస్‌తో పెద్ద పని లేదా?

ల్యాబ్‌కోటు
ఉంది, వేరే చోట. మక్కలో కంకి పాలు పోసుకునేటప్పుడు కింది ఆకులు పసుపు పచ్చబడతాయి కదా. అక్కడ ప్రోటీన్లు విరిగి వచ్చిన నైట్రోజన్‌ను పట్టుకుని గింజకు పంపేది సైటోసోల్‌లోని, అంటే క్లోరోప్లాస్ట్ బయట కణద్రవంలోని, జీఎస్. 2006లో ఫ్రాన్స్‌లో రెండు జన్యువులను విడివిడిగా ఆపి చూశారు. ఒకటి లేకపోతే కంకిలో గింజల సంఖ్య తగ్గింది, ఇంకోటి లేకపోతే గింజ సైజు తగ్గింది. మొక్క పైకి చూడటానికి బాగానే ఉంది.

పరకాల_పత్తి
మధ్యలో దూరుతున్నా. గ్లూఫోసినేట్ గడ్డిమందు జీఎస్‌ను ఆపుతుందని ఎక్కడో చదివా. అంటే కలుపు తన అమ్మోనియాతో తనే చస్తుందా?

చాక్‌పీస్_సార్
అవును. ఆ మందు మూలం స్ట్రెప్టోమైసిస్ అనే నేల బ్యాక్టీరియా తయారు చేసే పదార్థం. జీఎస్‌లో గ్లూటమేట్ కూర్చోవాల్సిన చోట అది కూర్చుంటుంది. అమ్మోనియా పట్టుకునేవాడు లేక పేరుకుపోతుంది, ఆకు మాడుతుంది.

ల్యాబ్‌కోటు
ఇక్కడ సార్‌తో విభేదిస్తున్నా. జీఎస్ ఆగుతుంది, అమ్మోనియా పేరుకుంటుంది, ఈ రెండూ నిజం. కానీ అంత వేగంగా చంపేది అమ్మోనియా కాదని 2019లో కొలరాడో స్టేట్ యూనివర్సిటీ వాళ్లు చూపించారు. జీఎస్ ఆగితే కాంతిలో ఎలక్ట్రాన్లకు దారి మూసుకుపోతుంది, చురుకైన ఆక్సిజన్ రూపాలు పుట్టి పొరలను చీల్చేస్తాయి. ఎండ లేని రోజు కొడితే మందు నెమ్మదించడానికి ఇదే కారణం.

చాక్‌పీస్_సార్
నేను చదివినప్పుడు అమ్మోనియానే అన్నారు, మా పుస్తకాల్లో ఇప్పటికీ అదే ఉంది. జీఎస్ ఆగకుండా మీ ఆక్సిజన్ రూపాలు పుట్టవు కదా. కాబట్టి మొదటి దెబ్బ ఎక్కడ పడిందో నాకు అదే ముఖ్యం.

ల్యాబ్‌కోటు
మొదటి దెబ్బ జీఎస్ మీదే, అందులో తగాదా లేదు. చంపింది ఎవరన్నదే తగాదా.

పరకాల_పత్తి
మా దగ్గర దొంగచాటుగా అమ్మే గడ్డిమందు తట్టుకునే పత్తికి ఇది కొట్టొచ్చా?

మాజీ_ఏఈవో
మొదట, ఆ విత్తనానికి అనుమతి లేదు. రెండోది, అది తట్టుకునేది గ్లైఫోసేట్‌ను. గ్లూఫోసినేట్ వేరే మందు, వేరే ఎంజైమ్. ఆకు మీద పడితే గడ్డితో పాటు పత్తి కూడా పోతుంది. గ్లూఫోసినేట్‌ను తట్టుకునే జన్యువు పేరు బార్. ఢిల్లీ యూనివర్సిటీ వాళ్ల డీఎంహెచ్-11 అనే జన్యుమార్పిడి ఆవాలులో ఉన్నది అది. 2022లో దానికి పర్యావరణ అనుమతి ఇచ్చారు, 2024 జులైలో సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీలు చెరో తీర్పు ఇచ్చారు.

సందేహాల_పుట్ట
బార్ జన్యువు ఏం చేస్తుంది?

ల్యాబ్‌కోటు
మందు అణువుకు ఎసిటైల్ ముక్క తగిలిస్తుంది, దాంతో అది జీఎస్‌లో కూర్చోలేదు. ఆ బ్యాక్టీరియా తన విషం నుంచి తను కాపాడుకునే పద్ధతే అది.

జమ్మికుంట_వరిమడి
నా దగ్గర ఇంకో ముచ్చట. ముసురు పట్టిన వారంలో యూరియా చల్లితే వరి ముదురాకుపచ్చగా నిగనిగలాడుతుంది, ఆ వెంటనే అగ్గి తెగులు. ప్రతి వానాకాలం ఇంతే. దీనికీ మీ అమ్మోనియా కథకూ సంబంధం ఉందా?

ల్యాబ్‌కోటు
ఉంది అక్కా. అమ్మోనియాను పట్టుకోవడానికి శక్తి కావాలి, 2-ఆక్సోగ్లూటరేట్ లాంటి కార్బన్ అస్థిపంజరం కావాలి. రెండూ వెలుగు నుంచే వస్తాయి. ముసురులో కార్బన్ తక్కువ, నైట్రోజన్ ఎక్కువ. అప్పుడు మొక్క తక్కువ కార్బన్‌తో ఎక్కువ నైట్రోజన్ మోసే రూపంలోకి మారుస్తుంది. గ్లూటమిన్‌లో ఐదు కార్బన్లకు రెండు నైట్రోజన్లు, ఆస్పరజిన్‌లో నాలుగింటికే రెండు. 1806లో ఆస్పరాగస్ రసం నుంచి వేరు చేసిన ఆస్పరజిన్ అది, వేరు చేసిన మొట్టమొదటి అమైనో ఆమ్లం. చీకట్లో పెరిగిన మొలకల్లో కూడా ఇదే పేరుకుంటుంది. ఇలాంటి కరిగే నైట్రోజన్ ఆకులో ఎక్కువగా ఉండటం శిలీంధ్రానికి తిండి పెట్టినట్టే.

మాజీ_ఏఈవో
అగ్గి తెగులుకు అదొక్కటే కారణం అనకండి. ఆకు పలుచబడటం, గుబురు పెరిగి తడి ఆరకపోవడం, రాత్రి చల్లదనం, వంగడం రకం, అన్నీ ఉన్నాయి. కానీ ముసురులో యూరియా ఆపమని చెప్పడం మాత్రం కరెక్టే.

జమ్మికుంట_వరిమడి
ఆపమంటే మాకు లైన్లో దొరికిన రోజే చల్లాల్సి వస్తోంది సార్. ఇంట్లో పెడితే గడ్డ కడుతుంది.

మాజీ_ఏఈవో
గడ్డ కట్టినా నైట్రోజన్ ఎటూ పోదు, పగలగొట్టి వాడుకోవచ్చు. ప్లాస్టిక్ కవర్‌లో మూతి బిగించి, నేలకు ఆనకుండా చెక్క మీద పెట్టండి. వాన తెరిపి ఇచ్చి రెండు రోజులు ఎండ కాశాక చల్లండి, ఒకేసారి మొత్తం కాకుండా.

సందేహాల_పుట్ట
పెసర, కంది కూడా ఆస్పరజిన్‌గానే పంపుతాయా? రేపు క్విజ్ ఉంది.

ల్యాబ్‌కోటు
శనగ, బఠానీ అయితే ఎక్కువగా ఆస్పరజిన్, గ్లూటమిన్. పెసర, కంది, అలసంద, సోయా మాత్రం బుడిపెల నుంచి యూరైడ్లు పంపుతాయి, అల్లంటోయిన్, అల్లంటోయిక్ ఆమ్లం. అల్లంటోయిన్‌లో నాలుగు కార్బన్లకు నాలుగు నైట్రోజన్లు. ఎక్కువ నైట్రోజన్, తక్కువ కార్బన్ ఖర్చు.

మిర్చి_ఘాటు
క్విజ్‌లో గెలిస్తే బహుమతి ఏంటి పుట్టా?

సందేహాల_పుట్ట
స్టీల్ టిఫిన్ డబ్బా అన్నా.